అయ్యగారి బోణీ

సొలొమోను గురించి చెప్పాలంటే ముందు ఆయన కారు గురించి చెప్పాలి. పటమటలో మా అపార్ట్‌మెంటు గోడ పక్కనే పెడతాడు దాన్ని. పాత డీజిల్ బండి, ఏడు సీట్లది, వెండి రంగు. ఆయన ఉండే సందులో సైకిలు పెట్టడానికే చోటు లేదు కాబట్టి మా గోడ మీద పడ్డాడు. మొదట్లో నేను గొడవ పెట్టుకున్నాను. నా గొడవంతా విని, "అలాగేనండి, తీసేస్తానండి" అని, మర్నాడు మళ్లీ అక్కడే పెట్టి, నా స్కూటర్‌ని కూడా తుడిచి వెళ్లిపోయాడు. అలా స్కూటర్ తుడిచే మనిషితో ఎన్నాళ్లని పోట్లాడతాం? మానేశాను.

అరవై దగ్గర పడుతున్న మనిషి. ఎప్పుడూ తెల్లచొక్కా, జేబులో మడిచిన పసుపు గుడ్డ. ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కీ తొక్కీ. ఆ కారు ఇప్పుడు ఆయనదే, ఆయన పేరు మీదే ఉంది, అయినా ఇంతవరకు దాని వెనక సీట్లో కూర్చోగా నేను చూడలేదు. ఎందుకని అడిగితే, అది అయ్యగారి సీటండి అన్నాడు. అయ్యగారు పోయి ఏళ్లయింది.

ఆ అయ్యగారు వెంకటసుబ్బారావు గారని, ఉయ్యూరు అవతల రైసుమిల్లు ఉండేది. సొలొమోను పదేళ్లకి పైగా ఆయన దగ్గర డ్రైవరు. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఎవరు దొరికినా ఆయన చెప్పే కథ ఒకటుంది. నేనే ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మిల్లులో ప్రతి పనీ అయ్యగారి చేత్తోనే మొదలవ్వాలట. పొద్దున్నే మోటారు స్విచ్చి ఆయనే వేయాలి, మొదటి బస్తా మీద ఆయనే చెయ్యి వేయాలి. కారుకీ అంతే. సొలొమోను తెల్లారగట్లే లేచి కారు కడిగి, అద్దాలు తుడిచి, తాళం పెట్టి సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకునేది కాదట. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, బండి లేవదు. అప్పుడు అయ్యగారు కండువా సర్దుకుంటూ వచ్చి, "లే సొలొమోనూ, ఇది నీ మాట వినదు, బోణీ నేను చెయ్యాలి" అని డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగ్ కింద ఒకసారి చేత్తో నిమిరి, కళ్లు మూసుకుని, సెల్ఫ్ కొట్టేవారట. ఒక్క కొట్టుడికి లేచేది. తర్వాత దిగి వెనక్కి వెళ్లి కూర్చునేవారు. ఆ రోజంతా మళ్లీ సొలొమోను చేతిలో చెప్పినట్టు వినేది.

"ఇనుముకి కూడా యజమాని చెయ్యి తెలుస్తుందండి," అనేవాడు. అయ్యగారు పోయాక ఆ కారు ఎవరు కొట్టినా లేచేదట, ఇంక ఎవరి కోసం చూడాలని దానికీ తెలిసిపోయిందట.

నేను నవ్వేవాడిని కాదు. నాకు ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ సామాను కొట్టుంది. బోణీ కాకుండా అప్పివ్వను, మొదటి బేరం పోనివ్వను, ఆ వచ్చిన నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేస్తాను. కాబట్టి ఇంకొకరి బోణీ మీద నవ్వే మొహం కాదు నాది.

అయ్యగారి భార్య శివపార్వతి గారు మిల్లు అమ్మేసి, పటమటలోనే కూతురి దగ్గరికి వచ్చేశారు. కారు సొలొమోనుకే ఇచ్చేశారు, నువ్వే దీన్ని బతికించావు, నువ్వే ఉంచుకో అని. ఆయన దానికి పసుపు ప్లేటు వేయించుకుని కిరాయికి తిప్పుకున్నాడు. పెళ్లిళ్లు, ఆసుపత్రులు, గన్నవరం ఎయిర్‌పోర్టు. రెండు నెలల కిందట గన్నవరం అవతల ఒక ఆఫీసు వాళ్లు స్టాఫుని తిప్పడానికి నెలవారీగా మాట్లాడుకున్నారు. పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒకటి. ఆ మోకాలితో రెండూ తన వల్ల కాదని కొండపల్లి వైపు నుంచి కిరీటి అనే డ్రైవర్ని పెట్టుకున్నాడు. కిరీటి నలభై దాటిన మనిషి, లారీ మీద దేశమంతా తిరిగి విసిగి దిగిపోయినవాడు. పెద్దగా మాట్లాడడు.

పొద్దుటి షిఫ్టు కిరీటిది. అంటే సొలొమోను హాయిగా పడుకోవచ్చు. కానీ పడుకునేవాడు కాదు. బోణీ యజమాని చేత్తోనే అవ్వాలి కదా. తెల్లారకముందే ఆ కాలు ఈడ్చుకుంటూ సందులోంచి వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగ్ కింద నిమిరి, సెల్ఫ్ కొట్టి, దిగేవాడు. కిరీటి పక్కన నిలబడి బీడీ కాలుస్తూ చూసేవాడు. నేను పాలప్యాకెట్ కోసం దిగినప్పుడు రోజూ ఇదే సినిమా. అయ్యగారిలాగే కళ్లు కూడా మూసుకునేవాడు పాపం.

ఇలా ఉండగా ఎండాకాలం మొదట్లో ఆ లైటు వెలిగింది.

ఇంజిన్ బొమ్మ ఉంటుంది చూడండి, మీటర్ల పక్కన పసుపు రంగులో, ఆ లైటు. అది వెలిగి అలాగే ఉంటే ఒక పద్ధతి, ఎక్కడో ఏదో పోయింది, వెతుక్కోవచ్చు. ఇది అలా కాదు. కంకిపాడు వెళ్తుంటే వెలుగుతుంది, తిరిగొచ్చేసరికి ఉండదు. రెండు రోజులు కనిపించదు, మూడో రోజు స్టాఫు ఎక్కగానే వెలుగుతుంది. షెడ్డుకి తీసుకొస్తే చచ్చినా వెలగదు. డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగిపోయిన పిల్లాడిలా కూర్చుంటుంది. అలాంటి లైటు పట్టుకున్న బండివాళ్లు నా కొట్టు ముందు ఎంతమంది ఏడ్చారో నాకు తెలుసు.

ఆ ఆఫీసులో బళ్లు చూసే ఆయన ఒక రోజు గేటు దగ్గర ఆ లైటు చూశాడు. లోపలికి రానివ్వలేదు. పాత బండి, దారిలో ఆగితే ఆడపిల్లలున్నారు, మాకు మాటొస్తుంది అన్నాడట. అదీ న్యాయమే. సోమవారం మళ్లీ చూస్తాను, లైటు కనబడిందా వేరే బండి మాట్లాడుకుంటాను అని పంపేశాడు. సొలొమోను ప్రాణం అక్కడ ఇరుక్కుంది. నెలవారీ పని పోతే మళ్లీ ఎండలో స్టేషను దగ్గర నిలబడి కిరాయిలు వెతుక్కోవాలి, ఆ మోకాలితో. కిరీటి కూడా మళ్లీ లారీ ఎక్కాలి.

ఆటోనగర్‌లో నా కొట్టు పక్కనే హబీబ్ షెడ్డు. కార్ల కరెంటు పని వాళ్ల నాన్న కాలం నుంచీ చేస్తున్నారు. హబీబ్‌కి షుగర్, నడుంనొప్పి, కోపం మూడూ ఉన్నాయి గానీ చెయ్యి మంచిది. స్కానర్ పెట్టి చూశాడు. లైటు ఆరిపోయినా కంప్యూటర్‌లో దాని కారణం రాసే ఉంటుంది కదా. ఇంజిన్ తిరుగుతోందా లేదా అని చెప్పే సెన్సార్ ఒకటుంటుంది, దాని పేరు వచ్చింది. మార్చేద్దామన్నాడు. నా కొట్టులోనే కొన్నారు. మార్చారు. లైటు పోయింది. సొలొమోను ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్లాడు.

రెండు రోజులకి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే లైటు, అదే సెన్సార్ పేరు.

హబీబ్ నడుం పట్టుకుని బానెట్ మీద నుంచి లేచి, నా వైపు చూసి, సెన్సార్ డూప్లికేటేమో చక్రి గారూ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎలక్ట్రికల్ సామాను వాపసు లేదని బోర్డు రాసుకుని కూర్చున్నది నేను, కానీ డూప్లికేటు అంటే ఊరుకునే రకం కాదు. ఇంకో సెన్సార్ తెచ్చి, డబ్బా వాళ్ల ముందే విప్పి, ఉత్తినే ఇచ్చాను. అది పెట్టినా అంతే. బానే ఉన్నట్టు ఉండి ఒక రోజు పోయాక వెలిగింది. ఇంక ఆ సాయంత్రం ముగ్గురం మొహాలు మాడ్చుకుని కూర్చున్నాం. ఎవరిని తిట్టాలో తెలియని స్థితి.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక హబీబ్ ఇంక ఇక్కడ కూర్చుంటే లాభం లేదు, రోడ్డు మీద పట్టుకుందాం అన్నాడు. నేను కూడా ఎక్కాను. నా సెన్సార్ తప్పులేదని నా కళ్లతో చూడాలి, అంతే. కొట్టు పక్కవాళ్లకి అప్పజెప్పాను.

బందరు రోడ్డు. ఎండ ఎలా ఉందంటే తారు మీద నుంచి ఆవిరి లేస్తోంది. ఏసీ వేస్తే ఇంజిన్ చప్పుడు వినబడదని హబీబ్ వద్దన్నాడు. సొలొమోను నడుపుతున్నాడు, హబీబ్ పక్కన స్కానర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, నేను వెనక. వెనక సీటు మీద కూర్చుంటుంటే సొలొమోను అద్దంలోంచి ఒకసారి చూశాడు. స్కానర్‌లో ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో అంకె కనబడుతుంది. పోరంకి దాటాం, అంకె బాగానే ఉంది. కంకిపాడు దాటాం, బాగానే ఉంది. ఉయ్యూరు దాకా వెళ్లి వెనక్కి తిరిగాం. అంతా చెమట. ఈ వేటకి వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

తిరుగుదారిలో రోడ్డు తవ్వి వదిలేసినచోట బండి గట్టిగా ఎగిరి పడింది. అంకె ఒక్కసారి సున్నా అయి మళ్లీ వచ్చింది. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. పసుపు లైటు వెలిగింది.

హబీబ్ బండి చెట్టు నీడకి తీయించాడు. సెన్సార్ బాగానే ఉందండి, దాని మాట కంప్యూటర్‌కి చేరేలోపు దారిలో ఎక్కడో తెగుతోంది అన్నాడు. నేను లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, నా సరుకు పరువు దక్కింది.

ఇంజిన్ ఆపకుండానే హబీబ్ ఆ సెన్సార్ వైరు పట్టుకుని వేళ్లతో జాన జాన చొప్పున కదుపుతూ వచ్చాడు, నా చేత స్కానర్ పట్టించి అంకె చూడమన్నాడు. ఇంజిన్ దగ్గర ఏమీ కాలేదు. బ్యాటరీ వెనక ఏమీ కాలేదు. ఇంతలో ఆగాడు. కంపెనీ వైర్ల కట్టలోంచి ఒక వైరు విడిగా బయటికొచ్చి, కారు లోపలికి వెళ్తోంది. అది కంపెనీది కాదు. ఇంట్లో ఫ్యానుకి వేసే ఎర్రవైరు. దానికి అక్కడేం పని?

సొలొమోనుని దిగమని హబీబ్ డ్రైవరు వైపు తలుపులోంచి లోపలికి వెల్లకిలా దూరాడు. కాళ్లు రోడ్డు మీద, తల క్లచ్ పెడల్ దగ్గర. మూలుగుతూ తిడుతూ లోపల తడిమాడు. స్టీరింగ్ కింద, ఫ్యూజుల డబ్బా వెనక, వేలు పెడితే తప్ప తెలియనిచోట ఒక చిన్న స్విచ్చి. వైర్లు మెలేసి టేపు చుట్టారు. ఆ టేపు ఏళ్ల తరబడి ఎండకి కరిగి జిగురైపోయింది, లోపల రాగి పచ్చబడింది. వేలితో తాకితే చాలు, స్కానర్‌లో అంకె సున్నా అవుతోంది.

దొంగ స్విచ్చి. మా ఆటోనగర్‌లో అలాంటివి బోలెడు పెడతారు. ఆపేస్తే ఎంత సెల్ఫ్ కొట్టినా బండి లేవదు, దొంగ విసిగి వదిలేసి పోతాడు. యజమానికి మాత్రం తెలుస్తుంది.

హబీబ్ ఇంజిన్ ఆపి, ఆ స్విచ్చి నొక్కి, సొలొమోనుని కొట్టమన్నాడు. ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది, తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. హబీబ్ స్విచ్చి మళ్లీ వేశాడు. ఒక్క కొట్టుడికి లేచింది.

నేను చప్పట్లు కొట్టబోయి సొలొమోను మొహం చూసి ఆగాను. ఆ తిరిగీ తిరిగీ అందుకోని సెల్ఫ్ చప్పుడు ఆయనకి కొత్త కాదు. పదేళ్లు ప్రతి పొద్దునా మిల్లు ముందు విన్నదే. చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "అయ్యగారి చెయ్యి సరిగ్గా అక్కడే ఉండేదండి," అన్నాడు.

హబీబ్‌కి ఆ బోణీ కథ తెలియదు, అతను స్విచ్చి తీసేయాలా అని అడుగుతున్నాడు. సొలొమోను రేపు చూద్దాం భాయ్ అన్నాడు. ప్రస్తుతానికి వైరు గట్టిగా మెలేసి కొత్త టేపు చుట్టి, తిరిగొచ్చేశాం. దారంతా ఆయన గేర్లు మార్చడం తప్ప ఇంకేమీ చేయలేదు. టీకొట్టు దగ్గర ఎన్ని వందల మందికి చెప్పి ఉంటాడా కథ? అందరి మొహాలూ ఆయన కళ్ల ముందు తిరుగుతున్నాయేమో అనిపించింది నాకు.

హబీబ్‌ని షెడ్డు దగ్గర దింపాక, పటమటలోకి వచ్చి మా గోడ దగ్గర ఆపలేదు. శివపార్వతి గారి అపార్ట్‌మెంటు ముందు ఆపాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఒక్కణ్ణే వెళ్తే ఏమన్నా అనేస్తానేమోనండి, మీరుంటే నోరు అదుపులో ఉంటుంది అన్నాడు. వెళ్లాను.

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నారు. ఏం సొలొమోనూ ఇలా వచ్చావు, కూర్చో అన్నారు. కూర్చోలేదు. నేను కూర్చున్నాను. కారుకి లైటు వెలుగుతుంటే చూపించామని, స్టీరింగ్ కింద స్విచ్చి దొరికిందని, అంతవరకే చెప్పాడు. ఆవిడ చేతిలోని బియ్యం చేటలో పోసేశారు.

దాచలేదావిడ, అది మాత్రం చెప్పాలి. సొలొమోను రాకముందు ఉన్న డ్రైవరు అయ్యగారు పడుకున్నాక కారు కిరాయికి తిప్పుకునేవాడట. వాణ్ణి మాన్పించి, మిల్లు కరెంటు పని చేసేవాడి చేత ఆ స్విచ్చి పెట్టించారట. సొలొమోను చేరాక, మనిషి మంచివాడిలా ఉన్నాడు, తీయించెయ్యండి అని ఆవిడ అన్నారట. కొన్నాళ్లు చూద్దాం అన్నారట ఆయన, రోజూ రాత్రి పడుకోబోయే ముందు దాన్ని ఆపి, పొద్దున బోణీ పేరుతో వేసేవారట.

"ఆ కొన్నాళ్లు అయిపోలేదు సొలొమోనూ. ఒకటి రెండుసార్లు నేనే అన్నాను, పోనీ ఉన్న సంగతన్నా అతనికి చెప్పండని. ఇప్పుడు చెబితే నొచ్చుకుంటాడు, బోణీ అని నమ్ముతున్నాడుగా, అలాగే ఉండనీ అన్నారు. నువ్వు వచ్చిన చుట్టాలందరికీ ఆ కథ చెబుతుంటే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు."

సొలొమోను జేబులో పసుపు గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

"మొదట్లోనే చెప్పుంటే నొచ్చుకునేవాణ్ణి కాదమ్మగారూ. డ్రైవర్ని. పోనుపోనూ నమ్ముతారులే అనుకునేవాణ్ణి," అన్నాడు. "అదికాదండి నా బాధ. అయ్యగారికి గుండెనొప్పొచ్చిన రోజు మధ్యాహ్నం కాబట్టి సరిపోయింది. అప్పటికి బోణీ అయిపోయింది, బండి లేచింది, ఆసుపత్రికి తెచ్చాను. అదే తెల్లారకముందు వచ్చుంటే? నేను సెల్ఫ్ కొడుతూనే ఉండేవాణ్ణి. బోణీ కాలేదు, అందుకే లేవట్లేదనుకునేవాణ్ణి. ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆయన చెయ్యి పడితే బాగుండని చూస్తూ కూర్చునేవాణ్ణండి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఆలోచన ఆవిడకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఆ రోజు ఆసుపత్రికి చేరాక అయ్యగారు నాలుగు రోజులు బతికారు. కూతురితో మాట్లాడారు, ఆవిడతో మాట్లాడారు, ఎవరికి ఏమివ్వాలో చెప్పారు. ఆ పొద్దున వేసిన స్విచ్చి అలాగే ఉండిపోయింది, దాని సంగతి సొలొమోనుకి మాత్రం చెప్పలేదు. గుర్తు రాలేదో, గుర్తొచ్చి మొహం చెల్లలేదో.

కాఫీ ఇచ్చారు. సొలొమోను నిలబడే తాగాడు. కారు వెనక్కి ఇచ్చేస్తాడేమో అని ఒక్క క్షణం భయపడ్డాను, అలాంటి మనిషి మరి. ఇవ్వలేదు. "లైటు బాగు చేయించుకుని మళ్లీ వస్తానమ్మగారూ," అన్నాడు. ఆవిడ తలూపారు. మెట్లు దిగేటప్పుడు ఆ మోకాలు ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగింది. సాయం పట్టబోతే వద్దన్నాడు.

మర్నాడు హబీబ్ షెడ్డుకి నేను కొట్టు తెరవకముందే వచ్చి కూర్చున్నాడు. రాత్రి పడుకున్నట్టు లేదు. హబీబ్ ఆ ఎర్రవైరు మొత్తం పీకేసి, కంపెనీ వైరు కంపెనీ వైరుకే కలిపేస్తానన్నాడు. అప్పుడే అన్నాడు సొలొమోను, స్విచ్చి ఉండనీ భాయ్ అని. మంచి వైరు వెయ్యి, సోల్డరింగ్ గట్టిగా పెట్టు, లైటు రాకుండా చూడు, కానీ స్విచ్చి తీయొద్దు అని.

హబీబ్ నా వైపు చూశాడు. నేను నా కొట్టు షట్టరు వైపు చూశాను. నిజం చెప్పాలంటే నాకు అసహ్యం వేసింది. నిన్న ఆవిడ ముందు అంత మాటన్న మనిషి, ఇప్పుడు కిరీటికి తెలియకుండా అదే స్విచ్చి దాచుకుంటున్నాడా? కిరీటి చేతికి తాళం ఇస్తాడు, తెల్లారే వచ్చి స్టీరింగ్ కింద నిమిరి బోణీ చేస్తాడు, అతను బీడీ కాలుస్తూ చూస్తాడు, కథ మళ్లీ మొదలు. యజమాని అయ్యేసరికి ఎవడైనా ఇంతేనా అనుకున్నాను. రాయిలా మొహం పెట్టుకుని ఆయనకి కావలసిన వైరు కోసి ఇచ్చాను. మామూలుగా ఆయనకి తగ్గించి ఇచ్చేవాణ్ణి, ఆ రోజు తగ్గించలేదు.

హబీబ్ పని మొత్తం చేసేసరికి మధ్యాహ్నమైంది. పాత మెలికలన్నీ కోసి, కొత్త వైరు వేసి, సోల్డరింగ్ పెట్టి, పైన గొట్టం తొడిగి, బిగించాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక సొలొమోను ఒక్కడే బందరు రోడ్డు మీద ఆ తవ్విన గోతుల్లోంచి పోనిచ్చి వచ్చాడట. లైటు వెలగలేదు. ఈ సంగతి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. నేను మంచిది అని పెట్టేశాను.

సోమవారం తెల్లవారుజామున పాలప్యాకెట్ కోసం దిగాను. పాలు ఒక వంక. ఏం చేస్తాడో చూడాలని దిగాను, అదీ నిజం. సొలొమోను అప్పటికే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కిరీటి బస్సు దిగి వచ్చాడు, అలవాటుగా బీడీ తీసి పక్కకి జరిగాడు, యజమాని బోణీ చేసుకోవడానికి చోటిస్తూ.

సొలొమోను ఎక్కలేదు. తలుపు తీసి కిరీటిని ఎక్కమన్నాడు. సెల్ఫ్ కొట్టమన్నాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. కిరీటి ఇంకోసారి కొట్టాడు. లేవలేదు. ఇవాళే సోమవారం, ఇవాళే గేటు దగ్గర చూస్తానన్నది. అప్పుడు సొలొమోను వంగి, ఆ మోకాలితో వంగడం ఎంత కష్టమో నాకు తెలుసు, కిరీటి ఎడమచెయ్యి పట్టుకుని స్టీరింగ్ కిందికి పోనిచ్చాడు.

"ఫ్యూజుల డబ్బా వెనక చూడు. దొరికిందా? పైకి నొక్కు. ఇది ఆపితే బండి లేవదు. బండి పెట్టేసి వెళ్లేటప్పుడు ఆపెయ్యి, వచ్చాక వేసుకో. దొంగల కోసం."

కిరీటికి అర్థం కాలేదు. అతను లారీ మీద తిరిగినవాడు, ఇలాంటి స్విచ్చిలు చూసే ఉంటాడు, ఎవరి కోసం పెడతారో కూడా తెలిసే ఉంటుంది. చెయ్యి అక్కడే ఉంచి, "నాకెందుకు చెప్తున్నావు బాబాయ్? నాకు తెలిశాక ఇదెందుకు పనికొస్తుంది?" అన్నాడు.

"తాళం నీకిచ్చాను. ఇది చెప్పకపోతే తాళం ఇచ్చినట్టు కాదు," అన్నాడు సొలొమోను. "నాకేదైనా అయితే నన్నెవరు తీసుకెళ్తారు? నేను వెనక పడి ఉంటే నువ్వు సెల్ఫ్ కొట్టుకుంటూ కూర్చుంటావా?"

కిరీటి దిగబోయాడు, బోణీ నువ్వే కదా చేసేది అని. సొలొమోను తలుపు వేసేశాడు. నువ్వే కొట్టు అన్నాడు. కిరీటి కొట్టాడు. పసుపు లైటు అన్ని బళ్లలోలాగే తాళంతో పాటు వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయింది. ఆరాక కూడా సొలొమోను వంగే ఉండి ఆ చోటు చాలాసేపు చూశాడు. మళ్లీ వెలగలేదు.

బండి బెంజ్ సర్కిల్ వైపు తిరిగేదాకా చూసి, నా వైపు వచ్చాడు. శనివారం నేను ఏమనుకున్నానో ఆయనకి తెలిసే ఉంటుంది, నా మొహం దాచుకోవడం నాకు చేతకాదు. ఆ మాట ఎత్తలేదు. నా చేతిలో పాలసంచి ఎందుకో తను తీసుకుని, నాతో పాటు మా గేటు దాకా నడిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి ఆయనవి, ఎన్ని రోజుల నిద్రో.

"రేపటి నుంచి పొద్దున్నే రానండి," అన్నాడు సంచి నాకిచ్చేసి. "ఎండెక్కేదాకా పడుకుంటాను."